మెరైన్ ప్లై అంటే అసలేంటి? పడవకి ప్లై, కర్ర కొనేముందు చూస్కోవాల్సినవి

చెన్నైలో వాల్‌టాక్స్ రోడ్డుకెళ్ళి ఏ షాపులోనైనా మెరైన్ ప్లై కావాలని అడగండి, మొదట వచ్చే ప్రశ్న "కిచెన్‌కా సార్, బాత్రూమ్ డోర్‌కా?" అనే. పడవకి అని చెప్తే కౌంటర్ దగ్గరాయన ఒక్క క్షణం ఆగి మళ్ళీ అదే షీటు చూపిస్తాడు. ఆయన్ని తప్పుబట్టడానికేం లేదు, అడిగేవాళ్ళందరూ ఇంటి పనికే అడుగుతారు కాబట్టి ఆయనకి తెలిసిన మెరైన్ ప్లై అదే. కానీ సింకు కింద అప్పుడప్పుడు తడిసే చెక్క పని వేరు, పులికాట్ సరస్సులో గంటల తరబడి నీళ్ళలో ఉండి, పైకి లాగాక ఎండలో కాగి, మళ్ళీ ఐప్పసి (అక్టోబరు-నవంబరు తమిళ నెల) వానలో నానే చెక్క పని వేరు. రెండిటికీ ఒకటే పేరు ఉండటం వల్ల నేను మొదటి పడవకి చాలా పోగొట్టుకున్నా, అందుకే ఇదంతా కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు ఆ పడవ సంగతి చెప్తా. 12 అడుగుల చిన్న పడవ, తెడ్లతో వేసుకునేది, అడుగుకి 9 ఎంఎం, పక్కలకి 6 ఎంఎం ప్లై. షీటు మీద 710 అని ముద్ర ఉంది, బిల్లు మీద మెరైన్ అని రాసిచ్చారు, నేను నమ్మి తెచ్చుకున్నా. కట్టడం బానే అయింది, ఒక సీజన్ బానే తిరిగింది కూడా. తర్వాత నార్త్ ఈస్ట్ మాన్సూన్ మొత్తం పడవని తాటాకు పందిరి కింద తిరగేయకుండా ఉంచేశాను, మూల నుంచి కారిన వాన నీళ్ళు లోపల వెనక వైపు నిలబడ్డాయి. జనవరిలో పులికాట్ దగ్గర పడవలు రిపేరు చేసే ఒక పెద్ద మేస్త్రీని తీసుకొచ్చి చూపిస్తే ఆయన కూర్చుని బొటనవేలితో అడుగు పలక మీద వరసగా నొక్కుకుంటూ వచ్చాడు, ఒకచోట వేలు లోపలికి దిగింది. "ఏంది నాయనా ఇది, లోపల గుల్ల గదా" అన్నాడు. ఉలితో పై పొర ఎత్తితే జానెడు పొడుగు ఖాళీ కనబడింది, మధ్య పొరలో రెండు ముక్కలు కలవాల్సిన చోట కలవకుండా వదిలేశారు, ఆ ఖాళీలోకి సరిగ్గా నా స్క్రూ ఒకటి దిగి ఉంది, స్క్రూ వెంట దిగిన నీళ్ళు ఆ గుల్లలో చేరి చుట్టూ చెక్కని నల్లగా మెత్తగా చేసేశాయి.

విచిత్రం ఏంటంటే ఆ షీటులో జిగురు ఎక్కడా ఊడలేదు. పొరలు పొరలుగా విడిపోవడం అనేది జరగలేదు. పోయింది చెక్క. దీని చుట్టూనే అసలు విషయమంతా ఉంది, కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం.

మన దేశంలో ప్లైవుడ్‌కి ముఖ్యంగా రెండు స్టాండర్డ్‌లు వినబడతాయి. ఐఎస్ 303 అనేది మామూలు వాడకానికి, అందులో ఎంఆర్ (తేమని తట్టుకునేది), బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్ళని తట్టుకునేది) అని రెండు గ్రేడులుంటాయి. ఐఎస్ 710 అనేది మెరైన్ ప్లైకి, దాన్నే బీడబ్ల్యూపీ, అంటే బాయిలింగ్ వాటర్ ప్రూఫ్ అంటారు. తేడా ఎక్కడ తెలుస్తుందంటే నీళ్ళ టెస్టులో. ఎంఆర్ గ్రేడు ముక్కని 60 డిగ్రీల వేడి నీళ్ళలో 3 గంటలు ఉంచి చూస్తారు, బీడబ్ల్యూఆర్ ముక్కని మరిగే నీళ్ళలో 8 గంటలు, 710 ముక్కని మరిగే నీళ్ళలో ఏకంగా 72 గంటలు ఉడకబెట్టి తర్వాత కత్తితో పొరలు విడదీసి జిగురు ఎంత పట్టుకుందో చూస్తారు. మూడు రోజులు మరిగే నీళ్ళలో ఉండి కూడా విడిపోలేదంటే ఆ ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు నిజంగా గట్టిదే. షాపులో బీడబ్ల్యూఆర్‌ని కూడా "వాటర్‌ప్రూఫ్ సార్" అని అమ్ముతారు, మాట వరసకి అది తప్పు కాకపోవచ్చు గానీ 8 గంటలకీ 72 గంటలకీ ఉన్న దూరం మర్చిపోవద్దు.

అయితే ఈ ఉడకబెట్టే టెస్టు ప్రశ్న అడిగేది జిగురుని. 710 స్టాండర్డ్ చెక్కని కూడా పట్టించుకుంటుంది, పురుగు పట్టకుండా కుళ్ళకుండా మందు ఎక్కించాలంటుంది, బూజు టెస్టు ఉంటుంది, వంపుకీ లాగుడుకీ బలం టెస్టులు ఉంటాయి. అవన్నీ నిజాయితీగా చేసిన షీటు దొరికితే మంచి సరుకే. కానీ లోపల ఏ చెట్టు పొర వేశారు, మధ్యలో ఎన్ని చోట్ల అతుకు పడింది, అతుకుల మధ్య ఎంత సందు వదిలారు అన్నది కంపెనీని బట్టి, ఒక్కోసారి ఒకే కంపెనీలో బ్యాచ్‌ని బట్టి మారిపోతుంది. వార్డ్‌రోబులో ఆ సందు వల్ల ఎవరికీ నష్టం లేదు. పడవలో ఆ సందే నీళ్ళకి గది.

బయటి దేశాల్లో పడవలు కట్టేవాళ్ళు ఎక్కువగా చెప్పేది బీఎస్ 1088, బ్రిటిష్ స్టాండర్డ్. జిగురు విషయంలో అదీ ఇదీ ఇంచుమించు ఒకటే స్థాయి, కానీ పొరల నాణ్యత దగ్గర అది ఇంకా కఠినంగా ఉంటుంది, ముఖం మీద తెరుచుకున్న పగుళ్ళు ముడులు ఒప్పుకోదు, పై పొర మరీ పల్చగా ఉండకూడదంటుంది. దీనికి బాగా వాడేది ఒకూమే అనే చెట్టు, ఆఫ్రికాలో గబాన్ దేశం నుంచి ఎక్కువగా వస్తుంది, 2010లో ఆ దేశం దుంగల ఎగుమతి ఆపేసి అక్కడే పొర తీయించడం మొదలుపెట్టింది. ఒకూమే తేలిక, నున్నగా ఉంటుంది, బాగా వంగుతుంది. కానీ కుళ్ళుని తట్టుకునే శక్తి చాలా తక్కువ, బయట వదిలేస్తే తొందరగా పోతుంది. ఇది చాలామందికి తెలీదు. బీఎస్ 1088 ముద్ర ఉన్నా సరే ఒకూమే షీటుని ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెసిన్) పూయకుండా నీళ్ళలో పెట్టలేం. ఇంకోటి, బీఎస్ 1088 అని ఎవరైనా ముద్ర వేసుకోవచ్చు, ఓడల నాణ్యత తనిఖీ చేసే లాయిడ్స్ లాంటి మూడో సంస్థ అప్రూవల్ కూడా ఉంటేనే ఆ ముద్రకి వెనక ఎవరో చూసినట్టు.

మన దగ్గర 710లో పేరున్నది గర్జన్. దాన్ని మనవాళ్ళు గుర్జన్ అని కూడా అంటారు. ఎర్రటి బరువైన చెక్క, లోపల నూనెలాంటి బంక ఉంటుంది, బలం ఎక్కువ. ఒకప్పుడు బర్మా దుంగల మీద మన ప్లై ఫ్యాక్టరీలు బాగా ఆధారపడేవి, 2014 ఏప్రిల్ నుంచి మయన్మార్ దుంగల ఎగుమతి ఆపేశాక ఆ సరఫరా తెగింది. అప్పటినుంచి పైన ముఖానికి మాత్రం గర్జన్ వేసి లోపల యూకలిప్టస్, పోప్లర్, రబ్బర్‌వుడ్ లాంటివి పెట్టే షీట్లు ఎక్కువయ్యాయి. ఉత్తరాన యమునానగర్ వైపు పోప్లర్, యూకలిప్టస్, కేరళలో పెరుంబావూర్ వైపు రబ్బర్‌వుడ్ ఎక్కువ వాడతారు, చుట్టుపక్కల దొరికేదే కదా ఎవరైనా వాడేది. ఫుల్ గర్జన్ అని చెప్పి లోపలి పొరలకి ఎర్ర రంగు కొట్టి ఇచ్చే షీట్లు కూడా ఉన్నాయి కాబట్టి రంగు చూసి మోసపోవద్దు. తాజాగా కోసిన అంచుని తడి గుడ్డతో రుద్దితే గుడ్డకి ఎర్ర రంగు అంటుకుంటే ఇంకో షాపు చూసుకోండి.

బరువు లెక్క ఒకటి చెప్తా, ఇది పడవకి చాలా ముఖ్యం, ఇంటి పనిలో ఎవరూ అడగరు. 8 బై 4 షీటు 6 ఎంఎం మందంలో ఉంటే, క్యూబిక్ మీటరుకి 450 కిలోలుండే ఒకూమే దాదాపు 8 కిలోలు తూగుతుంది, 700 కిలోలుండే గర్జన్ రకం పన్నెండున్నర కిలోలు తూగుతుంది. చిన్న పడవకి అలాంటివి 4 షీట్లు అనుకుంటే 18 కిలోల తేడా. ఇద్దరు మోసుకెళ్ళి ఒడ్డు మీద పెట్టే పడవలో 18 కిలోలంటే ఇంకో పిల్లాడిని ఎక్కించుకున్నట్టే. అలాగని బరువు పూర్తిగా చెడ్డ కాదు, రాళ్ళ మీద ఇసక మీద ఈడ్చే పడవకి గర్జన్ అడుగు మంచి పనే చేస్తుంది, దెబ్బకి తట్టుకుంటుంది. నా రెండో పడవకి అడుగు గర్జన్, పక్కలు తేలిక రకం వేశాను.

ఇప్పుడు షాపులో షీటు ఎలా చూడాలో చెప్తా, ఇందులో తొందరపడొద్దు. పొద్దున్నే వెళ్ళండి, రద్దీ లేనప్పుడు. ఐఎస్ఐ ముద్రలో పైన ఐఎస్ 710 అని, కింద సీఎం/ఎల్ అని ఒక లైసెన్స్ నంబరు ఉండాలి. ఆ నంబరు ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీది, ఏ స్టాండర్డ్‌కి, లైసెన్స్ ఇంకా నడుస్తుందా లేదా అన్నీ వచ్చేస్తాయి. నా మొదటి షీట్ల మీద నంబరు సగం అరిగిపోయినట్టు ఉండేది, నేను ఎందుకు అడగలేదో ఇప్పటికీ బాధే. రెండు నిమిషాల పని అది.

తర్వాత నాలుగు అంచులూ చూడాలి, ఒకటి చూసి వదిలేయొద్దు. ఫోన్ టార్చ్ వేసి అంచు వెంట నెమ్మదిగా పోనివ్వండి, పొరల మధ్య నల్ల చుక్కలా కనబడే సందు దగ్గర ఆగి స్టీలు స్కేలు మొన పెట్టి చూడండి, లోపలికి దిగితే అది గుల్ల. అంచులో కనబడిన గుల్లని షాపులో పుట్టీ కొట్టి కప్పేస్తారు కాబట్టి పుట్టీ మరకలు వరసగా ఉన్నా అనుమానించాలి. పొరలు లెక్కపెట్టండి, 6 ఎంఎంలో 5 పొరలుంటే మంచిది, 3 పొరలే ఉండి మధ్యది లావుగా పైది కాగితంలా ఉంటే ఇసక కాగితం నాలుగుసార్లు రుద్దేసరికి పై పొర అరిగి కిందది బయటపడుతుంది. ఆ షీటు ఒక దిక్కులో బానే వంగుతుంది, ఇంకో దిక్కులో టక్కున విరుగుతుంది కూడా. టార్చిని షీటు ముఖానికి పక్కనుంచి, దాదాపు ఆనించి, వాలుగా వెయ్యండి. లోపల పొర మీద పొర ఎక్కిన చోట పైన సన్నటి గీతలా ఉబ్బు కనబడుతుంది, మామూలు వెలుతురులో అది ఎవరికీ కనబడదు. తర్వాత వేలి కణుపుతో తట్టుకుంటూ పోవాలి, కుండ కొనేటప్పుడు మన అమ్మలు తట్టినట్టు. గుల్ల ఉన్న చోట శబ్దం మారిపోతుంది, పది షీట్లు తట్టాక చెవికి అలవాటైపోతుంది.

వెర్నియర్ (మందం కొలిచే పరికరం) తీసుకెళ్ళి నాలుగు మూలలా మందం కొలవండి. 9 ఎంఎం అని చెప్పింది ఒక మూల 9, ఇంకో మూల 8.2 ఉంటే రెండు షీట్లు అతికేటప్పుడు మెట్టు పడుద్ది. షీటుని నిలబెట్టి వెనక్కి వెళ్ళి ఓరకంటితో చూస్తే మెలి తిరిగిందా లేదా తెలిసిపోతుంది, మెలి తిరిగిన షీటు పడవకి ఎక్కించాక కూడా తన మెలి తను వదలదు, ఒక పక్క లాగుతూనే ఉంటుంది.

ఇంత చూసినా లోపలిది పూర్తిగా కనబడదు, అందుకే నేనిప్పుడు మొత్తం సరుకు ఒకేసారి కొనను. ఒక్క షీటు కొని ఇంటికి తెచ్చి అడ్డంగా రెండంగుళాల పట్టీ ఒకటి కోస్తా. కొత్త అంచులో అబద్ధం ఉండదు. ఆ పట్టీని మోకాలి మీద పెట్టి విరిచి చూస్తా, మంచి ప్లై విరిగినప్పుడు పొడుగు పొడుగు పీచుతో చిందరవందరగా విరుగుతుంది, చెడ్డది పొర మీద నుంచి పొర నున్నగా జారినట్టు ఊడుతుంది. ఇంకో ఆరంగుళాల ముక్క పాత అల్యూమినియం గిన్నెలో వేసి పైన బరువు కోసం రాయి పెట్టి ఉడకబెడతా, నీళ్ళు తగ్గినప్పుడల్లా పోస్తూ. 72 గంటలు ఇంట్లో ఎవరికీ కుదరదు గానీ ఒక రోజు 8 గంటలు ఉడికించి, మర్నాడు మేడ మీద ఎండలో పెట్టి, మళ్ళీ ఉడికిస్తే చాలా సంగతులు బయటపడతాయి. తర్వాత ఉలి మొన జిగురు గీతలోకి పెట్టి ఎత్తండి. ఎత్తినప్పుడు చెక్క పీచు చిరిగి రెండు వైపులా అంటుకుని ఉంటే జిగురు చెక్క కంటే గట్టిగా ఉన్నట్టు. చెక్క అద్దంలా నున్నగా ఊడి వస్తే ఆ షీటుతో పడవ వద్దు. ఫినాల్ జిగురు గీత ముదురు గోధుమ రంగులో, నీళ్ళకి అంతగా ఆగని యూరియా జిగురు గీత తెల్లగా పాలిపోయి ఉంటుందని చెప్తారు, నిజమే, కానీ జిగురుకి కూడా రంగు కలుపుతారు కాబట్టి ఉడకబెట్టి చూసేదాకా నమ్మొద్దు. ఈ వంట చేసేది వంటింట్లో వద్దు, 710 ప్లైలో పురుగు మందు ఉంటుంది, బయట చెయ్యండి, ఆ గిన్నె మళ్ళీ వంటకి వాడొద్దు. కోసేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, మిగిలిన ముక్కలు పొయ్యిలో పెట్టొద్దు, పొగ మంచిది కాదు.

షాపుల్లో ఇంకో రెండు రకాలు చూపిస్తారు. ఒకటి షట్టరింగ్ ప్లై, నల్లటి ఫిల్మ్ అంటించి ఉంటుంది, కాంక్రీటు పోసే పనికి. దానికి జిగురు ఫర్వాలేదు, లోపలి పొరలు పడవకి పనికొచ్చేలా ఉండవు, ఆ ఫిల్మ్ మీద ఎపాక్సీ పట్టదు. రెండోది డబ్ల్యూపీసీ బోర్డు, చెక్క పొడి ప్లాస్టిక్ కలిపి చేసేది, నీళ్ళకి ఏం కాదు నిజమే, కానీ పొడుగున బలం లేదు, ఎండకి సాగుతుంది. రెండూ వద్దు.

ఇక కర్ర సంగతి. ప్లైకి వెన్నెముక కర్రే కదా, కీల్ (అడుగున పొడుగునా పోయే కర్ర), అడ్డ కర్రలు, అంచుకి పైన వేసే పట్టీలు, వెనక పలక. ఇక్కడ అందరూ టేకు అంటారు, టేకు గొప్పదే, దానిలో సహజంగా ఉండే నూనె వల్ల చెద పట్టదు, కుళ్ళదు, ఎండా వానా తట్టుకుంటుంది. కానీ ఆ నూనె వల్లే జిగురు సరిగ్గా పట్టదు, అప్పుడే చిత్రిక పట్టిన ముఖం మీద అసిటోన్‌తో తుడిచి వెంటనే ఎపాక్సీ పెట్టాలి, నిన్న చిత్రిక పట్టింది ఈరోజు అతికితే ఎప్పుడో ఊడుద్ది. పైగా అంత డబ్బు అన్ని కర్రలకీ పెట్టక్కర్లేదు. చేత్తో పట్టుకునే అంచు పట్టీకి, చుక్కానికి టేకు వెయ్యండి, లోపల అడ్డ కర్రలకి వేరేవి ఉన్నాయి. కేరళవాళ్ళు ఆంజిలి అనే కర్ర పడవలకి ఎప్పట్నుంచో వాడతారు, మన పనసకి దగ్గరి చుట్టం, గట్టిది, నీళ్ళకి మన్నుతుంది, చెన్నై డిపోల్లో అడిగితే దొరుకుతుంది. పనస కూడా మంచిదే. నల్లతుమ్మ వంకర కర్రలకి బాగుంటుంది, సహజంగా వంగి పెరిగిన కొమ్మని అలాగే వాడితే నార తెగదు, మన ఊళ్ళలో బండి చక్రాలకి నాగళ్ళకి తుమ్మ వాడేవారు. నల్లమద్ది గట్టిదే గానీ మహా బరువు.

మామిడి కర్ర గురించి అడుగుతారు చాలామంది, చవక కదా. ఈ మద్రాసు ఒడ్డునే ఒకప్పుడు మసూలా పడవలుండేవి, 19వ శతాబ్దం చివర్లో హార్బర్ కట్టేదాకా ఓడల నుంచి మనుషుల్నీ సరుకునీ అలల మీదుగా ఒడ్డుకి చేర్చింది అవే. వాటికి మామిడి పలకలు వాడేవారు, మేకులు లేకుండా కొబ్బరి తాడుతో కుట్టేవారు, అల కొట్టినప్పుడు పడవ మొత్తం కొంచెం ఒదిగి సాగేది, మేకులు కొట్టి ఉంటే పగిలిపోయేది. కానీ మామిడి ఎక్కువ కాలం మన్నదని వాళ్ళకీ తెలుసు, పలకలు మారుస్తూ కుట్లు విప్పి మళ్ళీ కుడుతూ ఉండేవాళ్ళు. ప్లై మీద ఎపాక్సీతో శాశ్వతంగా అతికేసే పడవలో కర్రని అలా విప్పి మార్చలేం, కాబట్టి ఆ లెక్క ఇక్కడ చెల్లదు. రబ్బర్‌వుడ్ కూడా అంతే, పిండి పదార్థం ఎక్కువ, పురుగు వెంటనే పడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ సీఐఎఫ్‌టీ వాళ్ళు రబ్బర్‌వుడ్‌కి రాగి, క్రోమియం, ఆర్సెనిక్ మందు, దాని మీద క్రియోసోట్ అనే తారు నూనె, ఇలా రెండుసార్లు మందు ఎక్కించి పడవలు చేసి చూపించారు, అలా ట్రీట్ చేసిన కర్ర అయితే సరే, డిపోలో పచ్చిగా దొరికేది వద్దు.

డిపోలో కర్ర సీఎఫ్‌టీ (ఘనపు అడుగుల) లెక్కన అమ్ముతారు. పలకని నిలబెట్టి చివర వైపు చూడండి, వలయాలు ఎటు పోతున్నాయో కనబడుతుంది. వలయాలు ముఖానికి నిలువుగా ఉన్న పలక తక్కువ మెలి తిరుగుతుంది, ఎందుకంటే కర్ర వలయం వెంట ఆరేటప్పుడు కుంచించుకునేది, మధ్య నుంచి బయటికి కుంచించుకునే దానికి దాదాపు రెట్టింపు. చేవ మాత్రమే తీసుకోండి, పక్కన తెల్లగా ఉండే చెక్క టేకులో అయినా సరే కుళ్ళుతుంది, టేకు అన్న పేరు ఆ తెల్ల చెక్కని కాపాడదు. మా మేస్త్రీ ఎప్పుడూ అదే అంటాడు, "చేవలేని కర్ర యాడ పెట్టినా అంతే నాయనా". నార పలక పొడుగునా తిన్నగా పోవాలి, పక్కకి దిగిపోతుంటే ఆ దిగిన చోటే విరుగుతుంది.

తేమ 12 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. చెన్నై గాలిలో ఉండే తేమకి ఆరిన కర్ర ఎలాగూ ఆ చుట్టుపక్కలే నిలబడుతుంది, అంతకంటే ఎక్కువ ఆరబెట్టినా మళ్ళీ పీల్చుకుంటుంది. ఆన్‌లైన్లో సూదులుండే తేమ మీటర్లు దొరుకుతాయి, కొనుక్కోండి, కానీ రాగి మందు ఎక్కించిన చెక్క మీద అవి ఎక్కువ చూపిస్తాయి, అక్కడ నమ్మొద్దు. మీటరు లేకపోతే చిన్న ముక్క కోసి కిచెన్ కాటాలో తూచి, ఓవెన్లో నూరు డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఉంచి మళ్ళీ తూచండి, మొదట 115 గ్రాములుండి ఆరాక 100 అయితే 15 శాతం అన్నమాట.

కుళ్ళు గురించి ఒక మాట, ఇది చాలామంది తలకిందులుగా అనుకుంటారు. పడవని ఉప్పు నీళ్ళు కుళ్ళబెడతాయని భయపడతారు, నిజానికి కుళ్ళు అంటే బూజు జాతి పని, దానికి కావల్సింది మంచి నీళ్ళు, గాలి, ఇరవై శాతం దాటిన తేమ. ఉప్పు దానికి సరిపడదు. అందుకే చెక్క పడవలు కిందనుంచి కంటే పైనుంచి, వాన నీళ్ళు నిలిచే మూలల్లో ముందు కుళ్ళుతాయి, నా పడవ వెనక మూల కుళ్ళినట్టు. ఉప్పు నీళ్ళలో ఉండే ప్రమాదం వేరే, టెరెడో అనే ఓడ పురుగు, పేరుకి పురుగే గానీ ఆల్చిప్ప జాతి జీవి, పిల్లగా ఉన్నప్పుడు గుండుసూది మొనంత రంధ్రం లోంచి దూరి లోపల పెరుగుతూ సొరంగాలు తవ్వుతుంది, బయటికి ఏమీ కనబడదు. ఎన్నూరు, పులికాట్ లాంటి ఉప్పు కలిసిన నీళ్ళలో పడవని నెలల తరబడి కట్టేసి ఉంచేవాళ్ళు అడుగుకి గ్లాస్ క్లాత్ (గాజు నార గుడ్డ) తొడుగు, పైన నీటి జీవులు అంటుకోకుండా ఆపే, రాగి ఉండే యాంటీఫౌలింగ్ పెయింట్ తప్పక వెయ్యాలి. రోజూ పైకి లాగి ఆరబెట్టే పడవకి దీని భయం తక్కువ. ఈ తీరంలో కట్టుమరం వాడేవాళ్ళు వేటకి వెళ్ళొచ్చాక దుంగల కట్లు విప్పేసి ఇసకలో ఆరబెట్టేది ఊరికే కాదు, నీళ్ళు పీల్చిన దుంగ బరువెక్కుతుంది, ఆరితేనే మళ్ళీ తేలికగా తేలుతుంది, ఎక్కువ కాలం వస్తుంది.

మంచి ప్లై కొన్నాక దాన్ని పాడుచేసేది ఎక్కువసార్లు రెసిన్. ఫైబర్ పడవలు చేసే చోట్ల వాడే పాలియెస్టర్ రెసిన్ చవక, ఎక్కడైనా దొరుకుతుంది, చాలామంది దాన్నే ప్లై మీద గాజు నార మ్యాట్ వేసి కొట్టేస్తారు. కానీ అది చెక్కని సరిగ్గా పట్టుకోదు, తేమని కూడా కొంత లోపలికి పోనిస్తుంది, రెండేళ్ళకి పెంకులా లేచి కింద తేమ దాగుతుంది. ప్లై పడవకి ఎపాక్సీనే వాడాలి, ఇక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు. చెన్నై ఎండలో 25 డిగ్రీల దగ్గర అరగంట టైమిచ్చే ఎపాక్సీ 35 డిగ్రీల దగ్గర దాదాపు సగం టైములో గట్టిపడిపోద్ది, కాబట్టి కొంచెం కొంచెం కలుపుకోండి, కలిపింది డబ్బాలో ఉంచకుండా పళ్ళెంలో పరవండి. పూత సాయంత్రం వెయ్యండి. పొద్దున్న వేస్తే ఎండెక్కే కొద్దీ చెక్కలో గాలి వ్యాకోచించి పైకొచ్చి పూతలో బుడగలు చేస్తుంది, సాయంత్రం చల్లబడేటప్పుడు వేస్తే చెక్కే పూతని లోపలికి లాక్కుంటుంది. నేను ఇది చేతులారా రెండు రకాలుగా వేసి చూశాను, ఒకే షీటు రెండు ముక్కలు, పొద్దుటి ముక్క మీద గసగసాల్లా చుక్కలు పడ్డాయి, సాయంత్రం ముక్క గాజులా వచ్చింది. రెండో కోటుకి ముందు పైన జిడ్డులా వచ్చే పొరని నీళ్ళతో స్క్రబ్ పెట్టి కడగాలి, లేకపోతే తర్వాత పెయింట్ ఊడుద్ది. పెయింట్ తెలుపో లేత రంగో వెయ్యండి, ముదురు రంగు మన ఎండలో కాగితే ఎపాక్సీ మెత్తబడుతుంది.

అంచులే ప్రాణం. ప్లై ముఖం కంటే అంచు ఎన్నో రెట్లు వేగంగా నీళ్ళు తాగుతుంది, స్ట్రా లాగా. అంచులకి మూడు కోట్లు, ఇంకా తాగుతుంటే ఇంకోటి. స్క్రూ దిగే ప్రతి చోట ముందు పెద్ద రంధ్రం వేసి, దాన్ని చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో స్క్రూకి సరిపడే సన్న రంధ్రం వెయ్యాలి. అప్పుడు స్క్రూ చెక్కని తాకదు, ఎపాక్సీ గొట్టంలో కూర్చుంటుంది, నీళ్ళు స్క్రూ వెంట దిగినా చెక్క దాకా పోవు. షీట్లు పొడుగుకి అతకాలంటే మందానికి 8 రెట్లు వాలుగా చెక్కి అతికితే సరిపోతుంది, 6 ఎంఎంకి 48 ఎంఎం, 9 ఎంఎంకి 72. స్క్రూలు 316 స్టెయిన్‌లెస్ గానీ సిలికాన్ బ్రాంజ్ గానీ, రాగి మందున్న ప్లైలో మామూలు ఇనుప స్క్రూని తుప్పు తొందరగా తినేస్తుంది.

ఇదంతా చదివి మన దేశంలో ప్లై పడవ కుదరదేమో అనిపిస్తే, 1980ల్లో కన్యాకుమారి, తిరువనంతపురం తీరంలో మత్స్యకార సంఘాల సమాఖ్య సిఫ్స్ తమ యార్డుల్లో రాగి తీగతో కుట్టి అతికే పద్ధతిలో మెరైన్ ప్లై పడవలు చేసి వేటగాళ్ళకి ఇచ్చింది, అవి ఆ పెద్ద అలల్లోకే వెళ్ళొచ్చేవి. సరుకు చూసి తీసుకుంటే, అంచు మూస్తే, కుదురుతుంది.

నా పాత పడవ అడుగు మొత్తం తీసేశాం. మేస్త్రీ కొత్త 9 ఎంఎం షీటు వేసే ముందు తనే తట్టి చూశాడు, నాలుగు అంచులూ వేలితో తడిమాడు, ఒక మూల ఆగి "ఈడ సూడు" అన్నాడు. టార్చ్ వేస్తే రెండు ఎంఎం సందు ఒకటి ఉంది, నేను షాపులో వదిలేశా. ఆ మూలని కోతలో వేస్టు వైపు వచ్చేలా గీత మార్చి, మిగతా షీటు వాడేశాం. పడవ ఇప్పుడు ఎక్కినప్పుడు కాళ్ళ కింద గట్టిగా ఉంది, వానాకాలం వస్తే తిరగేసి ఇటుకల మీద పెడతా.